సముద్రం ఒడ్డున మస్టర్

ముందుగా ఒక మాట క్లియర్ చేసేస్తాను. మాది కాసిపేట. కాజీపేట కాదు. రైళ్లు మారే జంక్షన్ వేరు, మేం వేరు. మంచిర్యాల జిల్లాలో బెల్లంపల్లికి దగ్గర్లో ఒక పక్క సింగరేణి బాయిలు, ఇంకో పక్క దేవాపూర్ సిమెంట్ ఫ్యాక్టరీ, మధ్యలో పత్తి చేన్లు, గోండు, కోలాం గూడేలు. అదీ మా మండలం. బాయి అనగానే మీకు నీళ్ల బావి గుర్తొస్తుందేమో. మా దగ్గర బాయి అంటే బొగ్గు గని. "నాయిన బాయికి పోయిండు" అంటే డ్యూటీకి వెళ్లాడని అర్థం.

ఈ ఊరి నుంచి 24 మంది ఇంటర్ పిల్లల్ని వెంటబెట్టుకుని మొన్న సంక్రాంతి సెలవుల్లో అండమాన్ వెళ్లొచ్చాను. నా వాట్సాప్ స్టేటస్ చూసినవాళ్లందరిదీ ఒకటే మాట. "లక్కీ మేడం మీరు, ఖర్చు లేకుండా బీచ్ ట్రిప్!"

నవ్వి ఊరుకున్నాను. ఆ పన్నెండు రోజుల్లో నేను సముద్రాన్ని చూసిన దానికంటే తలకాయల్ని లెక్కపెట్టిందే ఎక్కువ. తిరిగొచ్చాక వారం రోజులపాటు నిద్రలో కూడా "ఇరవై రెండు, ఇరవై మూడు..." అంటూనే ఉన్నానని మా ఆయన చెప్పాడు. ఇవాళ మీకు చెప్పబోయేది ఆ లెక్క గురించే.

కాగితంలో ఆఖరి లైను

ఈ ట్రిప్ కోసం పిల్లలు రెండేళ్లు చిట్టీలాగా డబ్బులు పోగేశారు. కొంతమందికి తగ్గితే మేం టీచర్లం తలా కొంత వేశాం. విమానం మాకు అందే లెక్క కాదు. అందుకే చెన్నై దాకా రైలు, అక్కడి నుంచి ఓడ అనుకున్నాం. అన్నీ కుదిరాక తల్లిదండ్రుల సంతకాల కోసం ఒక ఫారం వచ్చింది. అందరూ వాడే ఫారమే అది. మీరూ ఏదో ఒక టూర్‌కి అలాంటి దానిమీద సంతకం పెట్టించుకునే ఉంటారు.

మీటింగ్ రోజు ఒకమ్మ వచ్చింది. చదువు రాదు. భర్త బాయిలో ఫస్ట్ షిఫ్ట్. "మేడం, జెర సదివి చెప్పుండ్రి, ఏం రాసుందో" అంది. పేరు, తరగతి, బ్లడ్ గ్రూప్ అన్నీ చదివి ఆఖరి లైనుకు వచ్చాను. "యాత్రలో ఏదైనా జరిగితే పాఠశాలకు గానీ, ఉపాధ్యాయులకు గానీ ఎటువంటి బాధ్యత లేదు."

ఆమె ఒక్క క్షణం ఆలోచించి అడిగింది. "అంటే మా పోరనితోని మీరు పోతలేరా?"

"లేదమ్మా, నేనూ వెళ్తున్నాను."

"పోతుంటే మరి బాధ్యత లేదని ఎందుకు రాసిన్రు?"

ఎగతాళిగా అడగలేదు. నిజంగానే అర్థంకాక అడిగింది. పదిహేనేళ్లుగా పాఠాలు చెబుతున్నాను గానీ నా దగ్గర ఆ ప్రశ్నకు జవాబు లేకపోయింది. "అది రూల్ అమ్మా" అనబోయి ఆగిపోయాను.

ఆ రోజు ఇంకో తండ్రి వెళ్తూ వెళ్తూ ఒక్కటే మాట అన్నాడు. "నీళ్లతోని పైలం మేడం." మా వైపు ఆ మాటకు బరువు ఎక్కువ. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. అప్పటికి ఈ పిల్లలు పుట్టనే లేదు. తండ్రులు మాత్రం మర్చిపోలేదు.

ఇంటికి వెళ్లి లిస్టు ముందేసుకున్నాను. 24 పేర్లు. ఆ అంకె చూడగానే గుండె జారింది. 2014 జూన్ 8 గుర్తుందా? హైదరాబాద్ నుంచి టూర్‌కి వెళ్లిన ఇంజినీరింగ్ విద్యార్థులు హిమాచల్‌లో బియాస్ నదిలో రాళ్ల మీద నిలబడి ఫొటోలు దిగుతున్నారు. పైనున్న లార్జి ప్రాజెక్టు నుంచి నీళ్లు వదిలారు. నిమిషాల్లో నది పొంగింది. 24 మంది విద్యార్థులు, వాళ్లతో ఉన్న టూర్ నిర్వాహకుడు ఒకరు కొట్టుకుపోయారు. అచ్చంగా 24 మంది.

ఆ రాత్రి ఫారంలో ఆఖరి లైను కొట్టేశాను. దాని కింద నా చేత్తో ఇలా రాశాను. "తీసుకెళ్లిన పిల్లల్ని తిరిగి తెచ్చి ఇంటివాళ్లకు అప్పజెప్పే బాధ్యత నాది." సంతకం పెట్టి 24 జిరాక్సులు తీయించి ఇంటింటికీ పంపాను. "ఎందుకు మేడం కావాలని ఇరుక్కుంటరు?" అన్నాడు తోటి లెక్చరర్ ఒకాయన. నిజమే, భయమేసింది. అయినా వెనక్కి తీసుకోలేదు.

తాత కొట్టిన బిళ్లలు

సరే, రాసిచ్చాను. మరి ఎట్లా కాపాడాలి? పదిహేడేళ్ల పిల్లలు ఒకటో తరగతి పిల్లల్లా చెయ్యి పట్టుకుని నడవరు. "మేడం, మేం చిన్నపిల్లలమా?" అంటారు. గొంతు పెంచితే అప్పటికి వింటారు, వెనక్కి తిరగ్గానే మాయం.

దారి చూపించింది మా క్లాసమ్మాయి తాత. సింగరేణిలో ల్యాంప్ రూంలో చేసి రిటైరయ్యాడు. బాయి దిగే ప్రతి మనిషి తన నంబర్ ఉన్న బిళ్ల ల్యాంప్ రూంలో ఇచ్చి తన లైటు తీసుకుంటాడు. పైకి వచ్చాక లైటు ఇచ్చేసి బిళ్ల తీసుకుంటాడు. షిఫ్ట్ అయిపోయాక మేకుకి ఒక్క బిళ్ల వేలాడుతున్నా లోపల ఒక మనిషి ఉన్నట్టే లెక్క. అది మర్యాద కోసం పెట్టుకున్న అలవాటు కాదు, చట్టం. ఏ క్షణంలో అడిగినా గని లోపల ఎవరెవరున్నారో పేర్లతో చెప్పే రిజిస్టర్ ఉండాలని 1952 నాటి గనుల చట్టమే చెప్పింది. మస్టర్ అనే మాట మా పిల్లలకి పుట్టినప్పటి నుంచీ తెలుసు. "నాయినకు మస్టర్ పడ్డది" అంటే ఆ రోజు పని దొరికింది, ఇంట్లో అందరికీ నిమ్మళం.

తాత పాత రేకు ముక్కలు కోసి, మేకుతో నంబర్లు కొట్టి, 24 బిళ్లలు చేసిచ్చాడు. ఒక చెక్కకి 24 మేకులు కూడా. రూల్ ఆయనే చెప్పాడు. "నీళ్లల్లకు పోయినా, పక్కకు పోయినా బిళ్ల మేడం చేతికియ్యాలె. వచ్చినంక వాపస్ తీస్కోవాలె. తీస్కోకపోతే నువ్వు బాయిలనే ఉన్నట్టు."

ఇక్కడి నుంచి పిల్లల్ని బిళ్ల నంబర్లతోనే చెబుతాను. వాళ్ల పేర్లు వాళ్ల దగ్గరే ఉండనివ్వండి.

ఓడ మీద మూడు రోజులు

చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్ దాదాపు 1,200 కిలోమీటర్లు. 2024 సెప్టెంబర్‌లో ఆ ఊరి పేరు శ్రీ విజయపురంగా మార్చారు గానీ జనం నోట్లో ఇంకా పోర్ట్ బ్లెయిరే నలుగుతోంది. విమానంలో రెండు గంటల పైచిలుకు. ఓడలో రెండున్నర, మూడు రోజులు.

మొదటి రోజు సగం మంది వాంతులు. రెండో రోజు ఎగిరే చేపలు చూసి కేకలు. రాత్రి డెక్ మీద నిలబడి 11వ నంబర్ పిల్లాడు కిందికి చూసి, "బొగ్గు కంటే నల్లగున్నది మేడం" అన్నాడు. కాలాపానీ అనే మాట ఎందుకు పుట్టిందో చెప్పడానికి నాకు పాఠం అక్కర్లేకపోయింది.

అన్నిటికంటే పెద్ద షాక్ ఏంటంటే సిగ్నల్ లేదు. తీరం కనుమరుగైన కాసేపటికే ఫోన్లలో గీతలు ఒక్కొక్కటిగా పోయాయి. మొదటి పూట ఏడుపు మొహాలు. రెండో పూటకి అంత్యాక్షరి. పాడని వాళ్లలో 19వ నంబర్ అబ్బాయి ఒకడు. మాటిమాటికీ ఫోన్ పైకెత్తి చూస్తున్నాడు. ఎవరో అమ్మాయి అనుకుని నేను నవ్వుకున్నాను. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

రాత్రి బంకుల మధ్య ఫోన్ టార్చ్ వేసుకుని లెక్కపెట్టేదాన్ని. ఇరవై నాలుగు. మళ్లీ రెండింటికి లేచి ఇంకోసారి.

జైల్లో వచ్చిన ప్రశ్న

సెల్యులార్ జైలు గురించి మీరు పుస్తకాల్లో చదివే ఉంటారు. 1896లో కట్టడం మొదలుపెట్టి 1906లో పూర్తి చేశారు. మధ్యలో ఒక టవర్, దాని చుట్టూ సైకిల్ చక్రం ఊచల్లా ఏడు వింగులు. ఇప్పుడు మిగిలినవి మూడే. ఒక వింగు ముందు వైపుకి ఎదురుగా ఇంకో వింగు వెనక గోడ వచ్చేట్టు కట్టారు. ఒక ఖైదీకి ఇంకో ఖైదీ ముఖం కనపడకూడదని.

మన వైపు నుంచి కూడా అండమాన్‌కి పంపారు. 1857 జూలై 17న హైదరాబాద్ కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద తుర్రేబాజ్ ఖాన్‌తో కలిసి దాడి చేసిన మౌల్వీ అల్లావుద్దీన్‌ని ఇక్కడికే పంపారు. ఆయన మళ్లీ హైదరాబాద్ చూడలేదు, ఇక్కడే చనిపోయాడు. అప్పటికి ఈ జైలు బిల్డింగ్ కూడా లేదు. దీవే జైలు.

ఖైదీల మెడలో చెక్క బిళ్ల వేలాడేది. దాని మీద నంబర్, ఏ సెక్షన్ కింద శిక్ష, ఎప్పుడు పడింది, ఎప్పుడు విడుదల, అన్నీ రాసుండేవి. గైడ్ ఈ మాట చెప్పగానే 7వ నంబర్ అమ్మాయి నా వైపు తిరిగింది. తాత బిళ్లలు చేసిచ్చింది ఈ అమ్మాయికే.

"మేడం, వీళ్లకు కూడా బిళ్లలే. మాకు కూడా బిళ్లలే. ఏం ఫరక్ ఉన్నది?"

అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. మంచి ప్రశ్న అది. ఆ టవర్ మీద నిలబడినవాడు కూడా లెక్కే పెట్టాడు, రోజుకి ఎన్నోసార్లు. "వాడు లెక్కపెట్టింది తప్పించుకోకూడదని, నేను లెక్కపెడుతున్నది తప్పిపోకూడదని" అన్నాను. మాట బాగానే కుదిరింది. కానీ ఆ అమ్మాయి అంత తొందరగా ఒప్పుకునే రకం కాదు.

"వాడు కూడా గట్లనే చెప్పుకొని ఉంటడు మేడం" అంది.

ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. పిల్లల మీద పెద్దవాళ్లు పెట్టే నిఘాలన్నీ ప్రేమ పేరుతోనే కదా వస్తాయి. ఫోన్ లొకేషన్ ఆన్‌లో పెట్టు, పాస్‌వర్డ్ చెప్పు, ఎవరితో మాట్లాడుతున్నావ్... మీకు తెలియంది కాదు.

మా నుంచి వాళ్లని కాపాడే లెక్క

మర్నాడు బారాటాంగ్. తెల్లవారుజామున మూడింటికి లేపాను, తిట్టుకుంటూ లేచారు. దారిలో జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర ప్రతి బండిలో ఉన్నవాళ్ల పేర్లు రాసివ్వాలి. అక్కడి నుంచి రోడ్డు జరావా ఆదివాసుల అడవిలోంచి పోతుంది. బండ్లన్నీ ఒకే వరసలో కాన్వాయ్‌గా వెళ్లాలి. ఆగకూడదు, తినేవి ఇవ్వకూడదు, ఫొటో తీస్తే కేసు. ఫోన్లు లోపల పెట్టించాను.

"ఇక్కడ మనల్ని ఎందుకు లెక్కవెడుతున్నరు?" అని ఎవరో అడిగారు. నేను చెప్పేలోపే 14వ నంబర్ అబ్బాయి అందుకున్నాడు. గోండు పిల్లాడు, ఎక్కువ మాట్లాడడు. "మన నుంచి వాళ్లను కాపాడెటందుకు" అన్నాడు. కాసేపాగి, "మా గూడెంకు కూడా దండారి అప్పుడు ఫోన్లు వట్టుకొని వస్తరు. అడగరు. వీడియో తీస్కొని పోతరు" అన్నాడు. ఆ తర్వాత బస్సులో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

మడ అడవుల మధ్య పడవలో వెళ్తే సున్నపురాయి గుహలు వస్తాయి. వాన నీళ్లు రాయిని కొద్దికొద్దిగా కరిగించి, పైకప్పు నుంచి బొట్టుబొట్టుగా కారుతూ, మళ్లీ రాయిగానే పేరుకుంటాయి. ఒక్కో ఆకారానికి వేల ఏళ్లు పడుతుంది. "గిదే రాయి మేడం, మా దగ్గర పొడి చేసి బస్తాలల్ల నింపేది" అన్నాడు దేవాపూర్ పిల్లాడు. రాయిని ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

మేకుకి మిగిలిన బిళ్ల

ఇప్పుడు అసలు సంగతి. హేవ్‌లాక్ దీవి, కొత్త పేరు స్వరాజ్ ద్వీప్. అక్కడి రాధానగర్ బీచ్. తెల్లటి ఇసుక, వెనక ఆకాశమంత చెట్లు.

నీళ్లలో దిగేముందు లైఫ్‌గార్డ్ చెప్పిన ముక్క మీరు కూడా గుర్తుపెట్టుకోండి. పనికొస్తుంది. మనకి భయమేసేది పెద్ద అలలని చూసి. కానీ రెండు పక్కలా అలలు విరుగుతూ మధ్యలో ఒకచోట నీళ్లు నున్నగా, నెమ్మదిగా కనిపిస్తే, అదే ప్రమాదం. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ తిరిగి లోపలికి పోయే దారి అది. దాంట్లో చిక్కుకుంటే ఒడ్డువైపు ఎదురీదకూడదు, ఎంత ఈతగాడైనా అలసిపోతాడు. ఒడ్డుకి సమానంగా, పక్కకి ఈదాలి. ఈదలేకపోతే తేలుతూ చెయ్యి పైకెత్తి అరవాలి. వ్యవసాయ బావుల్లో దూకి ఈత నేర్చిన మన పిల్లలకి ఈ సంగతి ఎవరూ చెప్పరు. బావి నీళ్లు ఎక్కడికీ లాక్కుపోవు మరి.

మోకాళ్లు దాటి లోతుకి వెళ్లొద్దన్నాం. పీఈటీ సార్ నీళ్లలో కాపలా, ఇంకో మేడం ఒడ్డున. నేను చెట్టు కింద చెక్క పట్టుకుని కూర్చున్నాను. బిళ్లలు వచ్చాయి, మేకులకి తగిలించాను. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి పట్టుకెళ్తున్నారు.

అక్కడ పొద్దు తొందరగా కుంకుతుంది. మన దేశమంతటికీ ఒకటే టైమ్ కదా, అండమాన్ ఏమో బాగా తూర్పున ఉంది. జనవరిలో ఐదుంబావుకల్లా సూర్యాస్తమయం. మన దగ్గర ఇంకా నలభై నిమిషాల వెలుగు ఉండే టైమ్ అది. ఐదింటికి విజిల్ వేయించాను. అందరూ వచ్చారు. చెక్క మీద ఒక్క బిళ్ల మిగిలింది.

19.

ముందు పేరు పెట్టి పిలిచాను. తర్వాత అరిచాను. పీఈటీ సార్ మళ్లీ నీళ్లలోకి పరుగెత్తాడు. లైఫ్‌గార్డ్ ఒకవైపు వెళ్లాడు. పిల్లల మొహాల్లో రంగు లేదు. "నీళ్లల్లనే చూసిన" అన్నారొకరు. "లేదు, బయటికొచ్చిండు" అన్నారింకొకరు. నేను సముద్రంకేసి చూస్తున్నాను. ఎక్కడ నున్నగా ఉందా అని వెతుకుతున్నాను. నా చేత్తో రాసిన లైను కళ్ల ముందు కదిలింది. ఇంకొకటి కూడా కదిలింది. వాళ్లమ్మ ముఖం. ఎందుకంటే ఫారం చదివించుకున్నది ఆవిడే.

ఎంతసేపో తెలీదు. పది నిమిషాలు అయ్యుంటుందేమో.

మమ్మల్ని తీసుకొచ్చిన జీపు డ్రైవర్ గట్టు మీద నుంచి దిగుతూ కనిపించాడు. శ్రీకాకుళం మనిషి. అండమాన్‌లో తెలుగువాళ్లు బాగానే ఉంటారు, 2011 లెక్కల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగే. చాలామంది ఉత్తరాంధ్ర నుంచి వచ్చినవాళ్లే. "ఏటైనాదమ్మా? ఆ గుంటడి కోసమేనా? నా జీపు కాడ ఫోను మాట్లాడతన్నాడు గదా" అన్నాడు.

పరుగెత్తాను. వాడు తడి బట్టల్తో జీపుకి ఆనుకుని నిలబడి ఉన్నాడు, డ్రైవర్ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని. వెళ్లి భుజం పట్టి ఊపేశాను. "నీకు బుద్ధుందా? చచ్చావనుకున్నాను!" అందరూ వింటున్నారని కూడా చూసుకోలేదు. కొట్టడానికి చెయ్యి లేచింది, దించుకున్నాను. ఆ చెయ్యి లేచినందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

వాడు తల వంచుకుని చెప్పాడు. "నాయినది ఫస్ట్ షిఫ్ట్ మేడం. మూడు గంటలకు అయిపోతది. ఇంటికొచ్చిండా లేదా అని రోజు నేనే ఫోన్ చేస్త. ఓడ మీద మూడు రోజులు సిగ్నల్ లేదు. పోర్ట్ బ్లెయిర్‌ల చేస్తే అమ్మ ఎత్తలే, నిన్న కూడా ఎత్తలే. గందుకే... బిళ్ల యాది మర్శిన."

"దొరికాడా మరి?"

"ఆఁ. అమ్మ ఫోన్ ఖరాబైందట. నాయినే ఎత్తిండు. బువ్వ తింటున్నడు."

ఇన్ని రోజులుగా నేను ఇరవై నాలుగు దాకా లెక్కపెడుతున్నాను. వాడు చిన్నప్పటి నుంచీ ఒకటి దాకానే లెక్కపెడుతున్నాడు. రోజూ మూడు దాటాక ఒక్క మనిషి. నాకంటే వాడికే ఎక్కువ తెలుసు ఈ పని. ఓడ మీద ఎవరో అమ్మాయి అనుకుని నవ్వుకున్నానే, అది గుర్తొచ్చి ఇంకా చిన్నబోయాను.

తప్పు వాడిదే. బిళ్ల తీసుకోకుండా పోవడం తప్పు, చెప్పకుండా పోవడం తప్పు. వాడికీ అది తెలుసు. కానీ తప్పు నాది కూడా. పిల్లలు ఎక్కడున్నారో నాకు తెలియాలని అంత ఏర్పాటు చేశాను గానీ, వాళ్లకి ఇంటిదగ్గర ఎవరు ఎట్లా ఉన్నారో తెలిసే ఏర్పాటు చెయ్యలేదు. ఆ రాత్రి సిగ్నల్ ఉన్న చోటు వెతికి, నా ఫోన్ నుంచి అందరితోనూ ఇళ్లకి మాట్లాడించాను. తర్వాత తల్లిదండ్రుల గ్రూపులో ఒక్క లైను పెట్టాను. "24 మందీ ఉన్నారు. భోజనం అయింది." మిగతా రోజులన్నీ సిగ్నల్ దొరికిన ప్రతి సాయంత్రం అదే లైను.

25

మర్నాడు పొద్దున్నే మళ్లీ బీచ్. ఈసారి ఎవరికీ చెప్పక్కర్లేకుండానే బిళ్లలు వరసగా వచ్చాయి. 7వ నంబర్ అమ్మాయి వచ్చి నా పక్కన కూర్చుంది.

"మేడం, మీరు నీళ్లల్ల దిగలేదు కదా ఇప్పటిదాంక?"

"నేను దిగితే వీళ్లని ఎవరు చూస్తారు?"

"నేను చూస్త. కానీ మీరు దిగితే మిమ్మల్ని ఎవరు లెక్కవెడుతరు? మీకు బిళ్ల లేదు."

కొబ్బరి చిప్ప ముక్క ఒకటి చూపించింది. దాని మీద పెన్నుతో 25 అని రాసుంది. పీఈటీ సార్‌కి 26, ఇంకో మేడంకి 27 కూడా చేసింది. చెక్కకి మేకులు లేవని జడ రబ్బర్లు కట్టింది.

"జైల్ల టవర్ మీదున్నోనికి బిళ్ల లేకుండె మేడం" అంది. అంతే అంది. జైల్లో తనే వేసిన ప్రశ్నకి తనే జవాబు వెతుక్కుని తెచ్చింది. నేను చెప్పిన జవాబు కంటే అదే కరెక్ట్. లెక్కపెట్టేవాళ్లు కూడా లెక్కలో ఉండాలి. బాయిలో కూడా అంతే కదా. దిగితే ఆఫీసర్ పేరు కూడా రిజిస్టర్‌లో ఉండాల్సిందే.

నా చిప్ప ముక్క ఆ అమ్మాయి చేతికిచ్చి నీళ్లలోకి నడిచాను. నలభై రెండేళ్ల వయసులో మొదటిసారి. మోకాళ్ల దాకే. పావుగంట తర్వాత 7వ నంబర్ విజిల్ వేసింది. "మేడం, టైమ్ అయింది!" గొంతు అచ్చం నాలాగే ఉంది. వెంటనే వచ్చేశాను. తిట్టించుకోవాలని లేదు.

బాకీ

తిరుగు ప్రయాణం సంగతి సాగదీయను. ఓడ, వాంతులు, రైలు, నిద్ర. బెల్లంపల్లి స్టేషన్లో దిగేసరికి ఇంకా తెల్లారలేదు. చలి. ప్లాట్‌ఫాం మీద మఫ్లర్లు, శాలువాలు కప్పుకుని తల్లిదండ్రులు. కొందరు నైట్ షిఫ్ట్ నుంచి నేరుగా వచ్చారు.

అలవాటుగా చెక్క తీసి ఒక్కొక్కరికీ బిళ్ల ఇచ్చి పంపాను. పంతొమ్మిదోది ఇస్తుంటే వాళ్లమ్మ ముందుకొచ్చింది. కొడుకుని పైనుంచి కిందికి చూసింది, నల్లబడ్డాడని తిట్టింది. తర్వాత కొంగు ముడి విప్పి మడతపెట్టిన కాగితం ఒకటి తీసింది. నా చేత్తో రాసిచ్చిన జిరాక్సు. మడతల దగ్గర అరిగిపోయి ఉంది.

మా వైపు ఎవరికైనా అప్పు తీర్చేస్తే, రాసిచ్చిన నోటు వాపసు ఇచ్చేస్తారు. దాన్ని చింపేసుకోవచ్చు.

"ఇగో మేడం, మీ కాగితం" అని నా చేతిలో పెట్టింది. "బాకీ తీరింది. మీరు కూడ ఇంటికి పోయి పండుకోండ్రి. పన్నెండు రోజుల సంది మీ కోసం మీ ఇంట్ల ఎవరు లెక్కవెట్టుకుంట కూసున్నరో."

ఆ కాగితం చింపలేదు. కొబ్బరి చిప్ప బిళ్లతో కలిపి నా టేబుల్ సొరుగులో పెట్టుకున్నాను. వచ్చే బ్యాచ్ అప్పుడే అడుగుతోంది, "మేడం, మమ్మల్ని యాడికి తీస్కపోతరు?" అని. తాత ఏమో ఇంకో రేకు డబ్బా పక్కన పెట్టి ఉంచాడట.